‘వద్దు’ అన్న తర్వాతి పేజీ

ప్రేమ నవలల్లో ఒక రకం నాయకుడు తరచూ తగులుతుంటాడు. ఆమె ఎక్కడికి వెళ్తోందో అడక్కుండానే తెలుసుకుంటాడు. ఎవరితో మాట్లాడిందో ఆరా తీస్తాడు. ఏ చీర నప్పుతుందో తానే తేల్చేస్తాడు. ఇంకొకడు నవ్వుతూ పలకరిస్తే పళ్లు నూరుతాడు. ఆమెకి కోపం వస్తే ఆ కోపం కూడా ముద్దొస్తోందంటాడు. ఇదే పని పక్కింటి కుర్రాడు చేస్తే పెద్దవాళ్లు షీ టీమ్‌కి ఫోన్ చేస్తారు. నవలలో చేస్తే అదే ఇంట్లో కూర్చున్న పాఠకురాలు చిన్నగా నవ్వుకుని పేజీ తిప్పుతుంది. ఆమె అమాయకురాలేం కాదు. పక్కింటి కుర్రాడి విషయంలో మొదట ఫోన్ అందుకునేది ఆమే కావచ్చు. ఒకే పనికి ఒకే మనిషి రెండు తీర్పులు ఎలా చెబుతోంది? చదువు లేక అన్నారు కొందరు. తరతరాల అణచివేత తలకెక్కి అన్నారు ఇంకొందరు. కాలక్షేపానికి చదివే పుస్తకం మీద ఇంత చర్చ ఎందుకని విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. మూడింట్లోనూ కొంత నిజం ఉండొచ్చు గానీ ఏదీ పూర్తిగా ఒప్పించదు. నాయకుడి గుణగణాలు పక్కనపెట్టి ఇంకో వైపు నుంచి చూస్తే విషయం కాస్త తేటపడుతుంది. నాయిక ‘వద్దు’ అన్నాక తర్వాతి పేజీలో ఏం జరిగింది? రచయిత ఆ మాట విన్నాడా, విననట్టు నటించాడా, దాన్ని తొక్కుకుంటూ వెళ్లిపోయాడా?

ఇంగ్లిష్ నవలలో ఈ నాయకుడి వంశానికి మూలపురుషుణ్ణి ఇచ్చినవాడు లండన్‌లో ప్రెస్సు నడుపుకునే శామ్యూల్ రిచర్డ్‌సన్. 1740లో వచ్చిన ‘పమేలా’లో నాయిక పదిహేనేళ్ల పనిపిల్ల. పెద్ద యజమానురాలు పోయాక ఆమె కొడుకు మిస్టర్ బి కన్ను ఈ పిల్ల మీద పడుతుంది. ఆమె తల్లిదండ్రులకు రాసుకునే ఉత్తరాలు తీసి చదువుతాడు. ఆమె పడుకునే గదిలో చాటున దాక్కుంటాడు. కన్నవాళ్ల ఊరికి పంపిస్తున్నానని బండి ఎక్కించి లింకన్‌షైర్‌లోని తన ఎస్టేటుకు తరలిస్తాడు, కాపలాకి ఒక గయ్యాళిని పెడతాడు. పమేలా మొదటినుంచీ చివరిదాకా ‘వద్దు’ అంటూనే ఉంటుంది. చివరికి ఆమె రాసుకున్న కాగితాలన్నీ చదివి అతని మనసు కరుగుతుంది. పెళ్లి చేసుకుంటానంటాడు, ఆమె సంతోషంగా ఒప్పుకుంటుంది. అంటే ఆమె ఉత్తరాలు దొంగిలించడమే అతను మంచివాడు కావడానికి కారణమైంది! నేరాన్ని ప్రేమకి తొలిమెట్టుగా మార్చే ఏర్పాటు ఇక్కడే సిద్ధమైపోయింది. మరుసటి ఏడాదే హెన్రీ ఫీల్డింగ్ ‘షమేలా’ పేరుతో దీన్ని వెక్కిరించాడు. వెక్కిరింత ఎవరి మీద? ఇంట్లో బందీగా ఉంచిన దొర మీద కాదు, వలేసి దొరని పట్టిన టక్కరిది అంటూ ఆ పిల్ల మీద. నాయకుడు తప్పు చేస్తే నాయిక తెలివిని శంకించే అలవాటు ఇప్పటి సమీక్షల్లోనూ కనిపిస్తుంది.

అదే రిచర్డ్‌సన్ 1747, 1748ల్లో ‘క్లారిస్సా’ను విడతలుగా తెచ్చాడు. ఇందులోనూ మోసం చేసి తీసుకెళ్లడం ఉంది, నిర్బంధం ఉంది. లవ్‌లేస్ అనే ఆ యువకుడు పమేలా యజమాని కంటే చురుకైనవాడు, మాటకారి, అందగాడు. అతను క్లారిస్సాకి మత్తుమందు ఇప్పించి బలాత్కారం చేస్తాడు. ఆ తర్వాత పెళ్లి చేసుకుంటానంటాడు. అతని బంధువులు కూడా పరువు నిలవాలంటే అదే దారి అంటారు. క్లారిస్సా ఒప్పుకోదు. కుంగి కృశించి చనిపోతుందే తప్ప ఆ పెళ్లికి తలవంచదు. విశేషం ఏమిటంటే, పుస్తకం ఇంకా పూర్తిగా బయటికి రాకముందే పాఠకులు రచయితకి ఉత్తరాలు రాశారు. లవ్‌లేస్‌ని మార్చెయ్యండి, ఆ ఇద్దరికీ పెళ్లి చేసెయ్యండి అని. లేడీ బ్రాడ్‌షై మొదట మారుపేరుతో రాసి మరీ బతిమాలింది. రిచర్డ్‌సన్ వినలేదు. ఆ పాఠకులకి లవ్‌లేస్ చేసింది తప్పని తెలియదా? బాగా తెలుసు. వాళ్లు అడిగింది అతని తప్పుని క్షమించమని కాదు, అతను మారగలడని ఒక్క హామీ ఇమ్మని. ఆ తర్వాత వచ్చిన ప్రేమ నవలలు ఇంచుమించు అన్నీ ఆ హామీని ముందే చేతిలో పెట్టి కథ మొదలుపెట్టాయి.

1847 అక్టోబరులో కరర్ బెల్ అనే మారుపేరుతో షార్లెట్ బ్రాంటే ప్రచురించిన ‘జేన్ ఐర్’ దగ్గర కాస్త ఆగాలి. రోచెస్టర్ మంచి నాయకుడని వందల నవలలు అతన్ని నమూనాగా పెట్టుకున్నాయి, అతను చేసిన పనులు మాత్రం మరిచిపోయాయి. జేన్ మనసులో ఏముందో లాగడానికి అతను సోది చెప్పే ముసలిదానిలా వేషం వేసుకొస్తాడు. ఆమెకి అసూయ పుట్టించడానికి బ్లాంచ్ ఇన్‌గ్రమ్‌ని చేసుకోబోతున్నట్టు నటిస్తాడు. మేడపైన మూడో అంతస్తులో భార్యని దాచిపెట్టి రెండో పెళ్లికి సిద్ధమవుతాడు. ఇన్ని చేసినవాడు నాయకుడు ఎలా అయ్యాడు? జేన్ ప్రతిసారీ అతనికి అడ్డు చెబుతుంది, బ్రాంటే ప్రతిసారీ ఆ అడ్డుని లెక్కలోకి తీసుకుంటుంది, అందువల్ల. పెళ్లి కుదిరాక మిల్‌కోట్ బజారుకి తీసుకెళ్లిన సన్నివేశం చూడండి. రోచెస్టర్ మిరుమిట్లు గొలిపే పట్టుబట్టలు కొంటానంటాడు. జేన్ చెవిలో బతిమాలి, పట్టుబట్టి, ఒక నల్లటి సాటిన్, ఒక బూడిదరంగు పట్టు మాత్రమే తీసుకుంటుంది. అతను కొనే కొద్దీ ఆమెకి అవమానంతో చెంపలు మండుతాయి. తన దగ్గర కాస్త సొంత డబ్బుంటే ఇలా అలంకరించిన బొమ్మలా కూర్చోవలసిన ఖర్మ ఉండదుకదా అనుకుని, ఎప్పుడో తనకోసం రాసిన మెడీరా బాబాయికి జవాబు రాయాలని అప్పుడే నిశ్చయించుకుంటుంది. ఆ ఉత్తరం మెడీరా చేరినప్పుడు, రోచెస్టర్ మొదటి భార్య తమ్ముడు మేసన్ అక్కడే ఉంటాడు. పెళ్లి సంగతి బయటపడుతుంది. చర్చిలో పెళ్లి ఆగిపోతుంది. బట్టల కొట్లో పుట్టిన చిరాకు ఒక మోసపు పెళ్లిని ఆపిందన్నమాట. నాయిక అసౌకర్యానికి కథలో ఇంత బరువు ఇచ్చిన రచయితలు అరుదు.

ఆ తర్వాత జేన్ తెల్లవారకముందే ఇల్లు వదిలి వెళ్లిపోతుంది. ఆకలికి తట్టుకోలేక పందికి పెట్టబోయిన గంజిని అడిగి తింటుంది కానీ వెనక్కి పోదు. బాబాయి ఆస్తి ఇరవై వేల పౌండ్లు వస్తే ముగ్గురు బంధువులతో సమానంగా పంచుకుని తన వంతు అయిదు వేలు ఉంచుకుంటుంది. ఆ డబ్బుతో, తన ఇష్టంతో తిరిగి వెళ్తుంది. అప్పటికి అతనికి చూపు లేదు, ఒక చెయ్యి లేదు, ఆ మేడా లేదు. నాయకుణ్ణి ఇంతగా విరగ్గొట్టాక గానీ ఇద్దర్నీ సమానంగా నిలబెట్టలేకపోయిందా బ్రాంటే అన్న సందేహం చాలామందికి వచ్చింది. రావలసిందే. మేడ మీద బందీగా ఉన్న ఆ మొదటి భార్య బెర్తాకి అసలు ‘వద్దు’ అనే అవకాశమే దక్కలేదని గుర్తుచేయడానికి జీన్ రీస్ 1966లో ‘వైడ్ సర్గాసో సీ’ రాయవలసి వచ్చింది.

ఇరవయ్యో శతాబ్దం ఈ లెక్కలన్నీ చెరిపేసింది. మొదటి ప్రపంచయుద్ధంలో భర్త దూరంగా ఉండగా డెర్బిషైర్‌లో కూర్చుని ఇ.ఎం. హల్ రాసిన ‘ది షేక్’ 1919లో వచ్చింది. ఎవరి మాటా వినని డయానా మేయో ఎడారిలో స్వారీకి బయల్దేరితే అహ్మద్ బెన్ హసన్ ఎత్తుకుపోయి తన గుడారంలో బంధిస్తాడు, మళ్లీమళ్లీ బలాత్కరిస్తాడు. కొన్నాళ్లకి ఆమె అతన్ని ప్రేమిస్తున్నట్టు తెలుసుకుంటుంది. చివర్లో అతను అరబ్బు కాదు, ఒక ఇంగ్లిష్ ప్రభువు కొడుకేనని తేలుతుంది. 1921లో రుడాల్ఫ్ వాలెంటినో నటించిన సినిమా దీన్ని ప్రపంచమంతా తిప్పింది. సినిమాలో బలాత్కారం తీసేశారు, అపహరణ ఉంచేశారు. 1972లో అమెరికాలో కాత్లీన్ వుడివిస్ రాసిన ‘ది ఫ్లేమ్ అండ్ ది ఫ్లవర్’లో కూడా నాయకుడు మొదట్లోనే నాయికని బలాత్కరిస్తాడు, అయినా కథ ప్రేమతో సుఖాంతమవుతుంది, లక్షల్లో అమ్ముడుపోతుంది. ఈ రెండు పుస్తకాల్లో ‘వద్దు’ అన్న మాటకి కథలో పనే లేదు. వీటి గురించి ఇంతకన్నా చెప్పుకోవలసింది కూడా లేదు.

లండన్‌లో 1908లో మొదలైన మిల్స్ అండ్ బూన్ 1930ల నాటికి ప్రేమ నవలలకే పరిమితమైంది. 1971లో కెనడాకి చెందిన హార్లెక్విన్ దాన్ని కొనుక్కుంది. ఆ పుస్తకాల నాయకుడికి ఒక మూస ఉండేది. వయసులో పెద్దవాడు, డబ్బున్నవాడు, పెదవి విరుపు, మాట పొదుపు, కారణం చెప్పని కోపం. ఆ కోపానికి కారణం ప్రేమేనని ఆఖరి అధ్యాయంలో తెలుస్తుంది. హైదరాబాద్, విజయవాడల్లోని అద్దె పుస్తకాల కొట్లలో ఈ సన్నటి పుస్తకాలు తెలుగు నవలల పక్కనే ఉండేవి. ఇంగ్లిష్ మీడియం అమ్మాయిలు చరిత్ర పుస్తకంలో పెట్టుకుని చదివేవారు. 2008లో సంస్థ భారతదేశంలో సొంత శాఖ తెరిచేసరికి ఇక్కడి పాఠకులకి ఆ నాయకుడు పాత పరిచయస్తుడే.

ఈ మూస లోపల ఏముందో అందరికంటే బాగా చూపింది ప్రేమ నవల అని పేరుపడినా అలా పిలిస్తే రచయిత్రి ఒప్పుకోని పుస్తకం. డాఫ్ని డు మోరియే 1938లో రాసిన ‘రెబెకా’ ఆమె దృష్టిలో అసూయ గురించిన కథ. కథ చెప్పే అమ్మాయికి పుస్తకం మొత్తంలో పేరు లేదు. మోంటేకార్లో హోటల్లో మాక్సిమ్ డి వింటర్ టిఫిన్ తింటూ తింటూనే పెళ్లి మాట ఎత్తుతాడు. ఆమెకి మొదట తనకి సెక్రటరీ ఉద్యోగం ఇస్తానంటున్నాడేమో అనిపిస్తుంది. పెళ్లయ్యాక ఆమెని చిన్నపిల్లని చూసినట్టు చూస్తాడు. అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పడు, చిరాకు పడితే ఆమె తనలోనే తప్పు వెతుక్కుంటుంది. మొదటి భార్యని తానే కాల్చి చంపానని చివరికి ఒప్పుకుంటాడు. ఆ క్షణంలో ఈమెకి భయం వెయ్యదు, అసహ్యం వెయ్యదు. అతను రెబెకాని ప్రేమించలేదన్న ఒక్క మాటే చెవికెక్కుతుంది, గుండె తేలికపడుతుంది. చదివేవాళ్లకీ తేలికపడుతుంది! అక్కడ ఒకసారి ఆగి చూసుకుంటే వెన్ను జలదరిస్తుంది. ఒక హత్య విని హమ్మయ్య అనుకునేలా డు మోరియే పాఠకురాల్ని ఎక్కడిదాకా నడిపించుకొచ్చింది? కథంతా ఆ అమ్మాయి కళ్లతోనే చూపించి, ఆమెకి ‘వద్దు’ అన్న మాటే తోచకుండా చేసి. హిచ్‌కాక్ 1940లో సినిమా తీసినప్పుడు అప్పటి సెన్సార్ నిబంధనల వల్ల ఆ హత్యని ప్రమాదంగా మార్చారు. దాంతో మాక్సిమ్ మామూలు నాయకుడు అయిపోయాడు, పుస్తకంలోని విషం పోయింది.

తెలుగువైపు వస్తే కథ ఇంకోలా ఉంటుంది. మన ఆలంకారికులు శృంగార నాయకుల్ని నాలుగు రకాలుగా విడదీశారు: అనుకూలుడు, దక్షిణుడు, శఠుడు, ధృష్టుడు. ఒక్కర్తెకే కట్టుబడ్డాడా, పలువురిని సమంగా చూస్తున్నాడా, చాటుగా మోసం చేస్తున్నాడా, మోసం చేసి సిగ్గు లేకుండా ఎదురొస్తున్నాడా, కొలతంతా అక్కడే. స్త్రీని కట్టడి చేసే నాయకుడికి ఈ నాలుగింట్లో చోటు లేదు. అష్టవిధ నాయికల్లో మాత్రం భర్తని గుప్పిట్లో పెట్టుకున్న స్వాధీనపతిక ఉంది. ఎందుకిలా? మగవాడు ఆడదాన్ని అదుపులో ఉంచడం లోకరీతి కాబట్టి దానికి ప్రత్యేకంగా పేరు పెట్టాలని ఎవరికీ తోచి ఉండదు. ఆడది మగవాణ్ణి అదుపులో పెడితేనే అది చెప్పుకోదగ్గ విషయం. అందుకే తెలుగు సాహిత్యంలో పేరుపొందిన ‘నా సొంతం’ మనిషి మగవాడు కాదు, సత్యభామ. నంది తిమ్మన ‘పారిజాతాపహరణం’లో ఒక్క పువ్వు సవతికి వెళ్లిందని అలకపాన్పు ఎక్కి, కాళ్ల మీద పడిన కృష్ణుడి తలని ఎడమకాలితో తోసేస్తుంది. కూచిపూడి భామాకలాపం ఆ గర్వాన్ని ఇప్పటికీ ఆడుతూనే ఉంది. జనం చప్పట్లు కొడతారు, ఎందుకంటే ఆ అధికారం నిజంగా ఆమె చేతిలో లేదని అందరికీ తెలుసు. అలిగేవాళ్లకి తలుపు బయటినుంచి గొళ్లెం పెట్టే శక్తి ఉండదు. ఇక చలం 1927లో రాసిన ‘మైదానం’ ఈ ముచ్చటని తిరగేసింది. ఇంకో అమ్మాయి వెంట పడిన అమీర్, రాజేశ్వరికి మీరా మీద ప్రేమ కలిగేసరికి ఓర్చుకోలేకపోతాడు. స్వేచ్ఛాప్రేమలోకి కూడా సొంతదారు దొడ్డిదారిన వచ్చేస్తాడని చలం దాచకుండా రాశాడు.

తెలుగు వారపత్రికలు, మాసపత్రికలు రాజ్యమేలిన రోజుల్లో లక్షలమందిని కట్టిపడేసిన నాయకుడు మాత్రం యద్దనపూడి సులోచనారాణి సృష్టి. కృష్ణా జిల్లా కాజలో పుట్టి 2018లో అమెరికాలో కన్నుమూసిన ఆమె, 1960ల్లో రాసిన ‘సెక్రటరీ’తో తెలుగు ప్రేమ నవలకి ఒక అచ్చు పోశారు. ఆరడుగుల అందగాడు, పడవలాంటి కారు అని తర్వాతి తరం ఎంత ఎగతాళి చేసినా, ఆ కారు మలుపు తిరిగే పేజీ కోసం వారం వారం ఎదురుచూసినవాళ్లలో ఎగతాళి చేసినవాళ్ల తల్లులు, అప్పుడప్పుడు తండ్రులు కూడా ఉన్నారు. 1976లో కె.ఎస్. ప్రకాశరావు దర్శకత్వంలో అక్కినేని, వాణిశ్రీలతో ‘సెక్రటరీ’ సినిమాగానూ వచ్చింది. ఈ నాయకుడు చెయ్యెత్తడు, గొంతు పెంచడు. అతని పెత్తనమంతా ఏర్పాట్లలో ఉంటుంది. ఎదుటివాళ్లకి ఏం కావాలో తానే గ్రహించి, చెప్పకుండానే చేసేసి, కృతజ్ఞత చెబితే పక్కకి చూసే పెద్దరికం. ‘సెక్రటరీ’లో రాజశేఖరం యజమాని, జయంతి జీతం తీసుకునే ఉద్యోగి. ఈ అసమానతని రచయిత్రి దాచలేదు, దాని మీదే కథ నడిపారు. జయంతి చేతిలో ఉన్న ఒకే ఆయుధం ఆత్మాభిమానం. సాయం చెయ్యబోతే ముడుచుకుంటుంది, జాలి వాసన తగిలితే దూరం జరుగుతుంది. మూర్ఖపు పంతం అని విమర్శకులు కొట్టిపారేసిన ఈ ముడుచుకోవడమే ఆ నవలల్లో ‘వద్దు’ అనే మాటకి దక్కిన చోటు. సంబంధం పెద్దలు కుదిర్చి, అమ్మాయి అభిప్రాయం అడగడం మర్యాదకే తప్ప అవసరానికి కాని ఇళ్లలో కూర్చుని చదివిన ఆడపిల్లకి, తన ఒక్క మాట కోసం ఒక గొప్పింటి మగవాడు నిద్రపోకుండా తిరుగుతున్నాడన్న కల ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. ఆమె కలలో అతని పెత్తనం ముఖ్యం కాదు. ఆమె ఏమనుకుంటోందో అతనికి పట్టడమే ముఖ్యం.

అమెరికాలో జానిస్ రాడ్‌వే దాదాపు ఇదే గమనించారు. 1984లో వచ్చిన ‘రీడింగ్ ది రొమాన్స్’ కోసం ఆమె ఒక చిన్న ఊళ్లో ప్రేమ నవలలు చదివే ఆడవాళ్లతో మాట్లాడారు. ఊరి పేరు మార్చి స్మిత్‌టన్ అని రాశారు. వాళ్లలో చాలామంది పిల్లల తల్లులు, ఇల్లు చూసుకునేవాళ్లు. పుస్తకం పట్టుకుని కూర్చోవడమే తమ కోసం మిగుల్చుకున్న సమయమని చెప్పారు. అందరి ఆలనా పాలనా చూసే తమని కూడా చూసేవాడొకడు పుస్తకంలో దొరుకుతాడన్నారు. మరీ క్రూరుడైన నాయకుడు వాళ్లకి నచ్చడు. కోపిష్టి నాయకుడి కోపాన్ని మాత్రం మనసు గాయం అని, మాట రానితనం అని అర్థం చెప్పుకుంటారు. కొందరు పుస్తకం కొనేముందే చివరి పేజీలు తిప్పి సుఖాంతమో కాదో చూసుకునేవారు. ఈ చిన్న అలవాటులోనే మొదటి ప్రశ్నకి జవాబు ఉంది. చివరి పేజీ ముందే చదివినవాళ్లకి మధ్యలో నాయకుడు చేసే ప్రతి పనీ ప్రేమగానే కనిపిస్తుంది. పక్కింటి కుర్రాడికి చివరి పేజీ లేదు. పాఠకురాలు ఒకే పనికి రెండు తీర్పులు చెప్పడం లేదు, హామీ ఉన్న పనికొకటి, హామీ లేని పనికొకటి చెబుతోంది. అయితే రాడ్‌వే ఇక్కడితో ఆగలేదు. ఇంట్లో మగవాడి కరకుదనాన్ని కూడా లోపల ప్రేమే ఉందిలే అని సరిపెట్టుకునే ఓర్పుని ఈ చదువు అలవాటు చేస్తుందేమోనని అనుమానించారు. ఆ అనుమానం కొట్టిపారేసేది కాదు.

2005లో స్టెఫెనీ మేయర్ ‘ట్విలైట్’ వచ్చేనాటికి ఈ హామీ ఇంకో మెట్టు ఎక్కింది. ఎడ్వర్డ్ మనిషి కాదు, రక్తం తాగే జాతివాడు. కాబట్టి అతని అతిజాగ్రత్తకి ప్రాణరక్షణ అనే సాకు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. బెల్లాకి తెలియకుండా రాత్రిళ్లు ఆమె గదిలోకి వచ్చి నిద్రపోతుంటే చూస్తూ కూర్చుంటాడు. 2007లో వచ్చిన ‘ఎక్లిప్స్’లో ఇంకా ముందుకెళ్తాడు. బెల్లా తన స్నేహితుడు జేకబ్‌ని చూడ్డానికి వెళ్లబోతుంది. పాత ట్రక్కు స్టార్ట్ కాదు. ఇంజన్‌లోంచి ఒక భాగం ఊడదీసి చేత్తో పట్టుకుని ఎడ్వర్డ్ పక్కనే కూర్చుని ఉంటాడు. తెల్లారేసరికి మళ్లీ బిగించేస్తానంటాడు. మరోసారి ఆమెని ఇంట్లో కదలకుండా ఉంచడానికి చెల్లెలి వరసయ్యే ఆలిస్‌కి పసుపురంగు పోర్షే కారు లంచమిస్తాడు. ప్రేమ అని కాసేపు మరిచిపోయి చూస్తే, పెళ్లాం పుట్టింటికి వెళ్లకుండా స్కూటర్ తాళం దాచేసే మొగుడికీ ఇతనికీ తేడా ఎక్కడుంది? పోటీదారు జేకబ్ ఇంతకన్నా మెరుగనుకుంటే పొరపాటు. అదే పుస్తకంలో అతను బెల్లాని బలవంతంగా ముద్దుపెట్టుకుంటాడు. ఆమె అతని మొహం మీద గుద్దితే ఆమె చెయ్యే విరుగుతుంది. ఇంటికొచ్చాక కన్నతండ్రి, ఊరి పోలీసు అధికారి, కోప్పడకపోగా ఆ కుర్రాణ్ణి మెచ్చుకుంటాడు. ఇక్కడ ‘వద్దు’ అన్న మాటని నాయకుడు, పోటీదారు, తండ్రి ముగ్గురూ కలిసి మింగేశారు. ఎడ్వర్డ్ ట్రక్కు విషయంలో తర్వాత పశ్చాత్తాపపడతాడు, జేకబ్‌ని చూడ్డానికి వెళ్లనిస్తాడు. కానీ వెళ్లనివ్వడం అనే మాటలోనే తాళం ఎవరి దగ్గరుందో తెలుస్తోంది.

‘ట్విలైట్’ మీద అభిమానంతో అల్లుకున్న కథగా మొదలై, 2011లో పుస్తకంగా వచ్చిన ఇ.ఎల్. జేమ్స్ ‘ఫిఫ్టీ షేడ్స్ ఆఫ్ గ్రే’లో రక్తపిశాచి స్థానంలోకి కోటీశ్వరుడు వచ్చాడు. కోరలు పోయి చెక్కుబుక్కు వచ్చింది. క్రిస్టియన్ గ్రే అనస్తేషియా ఫోను ఎక్కడుందో కనిపెట్టి వస్తాడు, ఆమె పాత కారు అమ్మించి కొత్త ఆడి ఇస్తాడు, తర్వాతి భాగంలో ఆమె పనిచేసే ప్రచురణ సంస్థనే కొనేస్తాడు. ఆమె ఏం తినాలో, ఎంతసేపు నిద్రపోవాలో ఒప్పందపత్రంలో రాయిస్తాడు. జనం ఈ పుస్తకంలో పడకగది గురించే మాట్లాడుకున్నారు. నిజానికి అక్కడ ‘వద్దు’ అనడానికి ముందే మాట్లాడుకున్న సంకేతపదమైనా ఉంది. ఉద్యోగం, కారు, తిండి, స్నేహితుల విషయంలో అలాంటిదేమీ లేదు. పడకగదిలో అడిగి చేసే మనిషి పగటిపూట అడగడం మానేశాడు. ఈ వరసలోని మూడు పుస్తకాలు 2014 నాటికే పదికోట్ల ప్రతులు దాటి అమ్ముడయ్యాయి.

కథలు చదివి మనుషులు చెడిపోతారా అన్న ప్రశ్న ఇక్కడ రాకమానదు. ప్రేమ నవల చదివిన అమ్మాయి దొంగమొగుణ్ణి కోరి తెచ్చుకుంటుందని అనడం పాఠకురాల్ని అవమానించడమే. అయితే అదే బొమ్మని వెండితెర మగపిల్లలకి చూపించినప్పుడు లెక్క మారుతుంది. 2017లో వచ్చిన ‘అర్జున్ రెడ్డి’లో నాయకుడు క్లాసుకి వెళ్లి ఆ అమ్మాయి తనదని అందరికీ ప్రకటిస్తాడు. ఆమెని అప్పటికి ఎవరూ ఏమీ అడగలేదు. నవలలో పాఠకురాలు నాయిక పక్కన కూర్చుని చూస్తుంది. ఇక్కడ ప్రేక్షకుడు నాయకుడి భుజమ్మీద నుంచి చూస్తాడు. చూసే చోటు మారితే కలకి అర్థమే మారిపోతుంది. చట్టం మాత్రం తన కొలత తాను పెట్టుకుంది. 2013 సవరణతో భారత శిక్షాస్మృతిలో 354డి సెక్షనుగా చేరి, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయసంహితలో 78వ సెక్షనుగా ఉన్న నిబంధన ప్రకారం, స్త్రీ తనకి ఇష్టం లేదని స్పష్టంగా తెలిపినా మళ్లీమళ్లీ వెంటపడటం, ఆమె ఇంటర్నెట్, ఈమెయిల్ వాడకం మీద నిఘా పెట్టడం నేరం. అంటే పార్లమెంటు కూడా నాయకుడి మనసులో ఏముందని అడగలేదు. ఆమె ‘వద్దు’ అన్నాక అతనేం చేశాడని అడిగింది.

ప్రేమ నవల రాసేవాళ్లలోనూ ఈ ప్రశ్న అడిగినవాళ్లు ఉన్నారు. కొలీన్ హూవర్ 2016లో ‘ఇట్ ఎండ్స్ విత్ అస్’ను మామూలు ప్రేమ నవలలాగే మొదలుపెట్టింది. రైల్ డాక్టరు, అందగాడు, అసూయపరుడు. మొదటిసారి చెయ్యి చేసుకున్నప్పుడు పాఠకురాలు కూడా లిలీలాగే ఏదో పొరపాటులే అనుకుంటుంది. అలా అనుకునేలా రాయడమే ఆ పుస్తకం బలం. కూతురు పుట్టాక లిలీ అతన్ని వదిలేస్తుంది, కథ ఆ మాటని వెనక్కి తీసుకోదు. ఇంకోవైపు హెచ్.డి. కార్ల్‌టన్ ‘హాంటింగ్ అడెలైన్’ లాంటి చీకటి ప్రేమకథలు వెంటపడేవాణ్ణే నాయకుడిగా నిలబెట్టి, లోపల ఏమేం ఉన్నాయో మొదటి పేజీలోనే హెచ్చరిక అచ్చువేస్తున్నాయి. అవి రుచించకపోవచ్చు. అయినా చేసేది నేరమని ఒప్పుకుని రాసిన పుస్తకం, దాన్నే మమకారం పేరుతో అమ్మే పుస్తకం కంటే నిజాయితీ గలదే.

తెలుగులో ఇప్పుడు ఈ నాయకుడు వారపత్రికలు వదిలి ఫోన్లలోకి వచ్చాడు. ప్రతిలిపి లాంటి యాప్‌లలో రోజుకో భాగంగా వచ్చే ధారావాహికల్లో పొగరుబోతు సీఈఓలు, బలవంతపు పెళ్లిళ్లు, మెడలో తాళి కట్టేశాక మెల్లగా పుట్టే ప్రేమలు కోకొల్లలు. వాటిని రాసేవాళ్లకి ఒక్కటే విన్నపం. మీ నాయకుణ్ణి ఆరడుగులే పెట్టండి, పడవలాంటి కారే ఇవ్వండి, కోపమూ ఇవ్వండి. కానీ నాయిక ‘వద్దు’ అన్న భాగం తర్వాత ఒక్క భాగం పూర్తిగా ఆమె వైపు నుంచి రాయండి. ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టిందా, ఎవరికి ఫోన్ చేసింది, చేతిలో ఎంత డబ్బుంది, వెళ్లాలంటే తెల్లవారి బస్సు ఎన్నింటికి, అన్నీ రాయండి. అవన్నీ రాశాక కూడా ఆమె అతని దగ్గరికే రావాలనుకుంటే, రానివ్వండి.